ఫుసాకో గారు వేసిన గాజులు

మా బిల్డింగులో కింది వాటాలో ఉండే ఫుసాకో గారికి ఎనభై ఏడేళ్లు. జర్మనీలోని మా ఎర్లాంగెన్‌లో అందరూ సైకిలు తొక్కుతారు కనుక ఆవిడా తొక్కేవారు. నిరుడు డాక్టరు మానేయమంటే మూడు చక్రాలది కొనుక్కొచ్చి, "రెండు చక్రాలది మానేశానుగా" అన్నారు. అదీ మనిషి. ఎండాకాలం వచ్చిందంటే చేతుల్లేని గౌనే వేసుకుంటారు. కుడిచేతి మీద భుజం నుంచి వేళ్ల దాకా ఎర్రగా ఉబ్బిన మచ్చ ఉంటుంది. కొత్తవాళ్లు చటుక్కున చూపు తిప్పుకుంటే ఊరుకోరు. "చూడండి, మీరు చూడాలనే ఈ గౌను వేసుకున్నాను" అంటారు.

ఆ మచ్చ నాగసాకిలో పడింది. ఆరోజు పెరట్లో వాళ్లమ్మ బట్టలారేస్తోంది. ఏడేళ్ల ఫుసాకో చూరు నీడలో నిలబడి, ఎండలో ఉన్న అమ్మకు తడిబట్ట అందిద్దామని చెయ్యి చాపింది. అప్పుడే బాంబు పేలింది. నీడలో ఉన్న ఒళ్లు మిగిలింది, చాపిన చెయ్యి కాలిపోయింది. అమ్మ దక్కలేదు.

పెళ్లీడు వచ్చాక అక్కడా మనలాగే వాకబు చేసేవారట. బాంబు తగిలిన ఊరి పిల్లంటే పిల్లలు పుట్టరని, పుట్టినా సరిగా ఉండరని భయం. పొడుగు చేతుల జాకెట్టు వేసుకో, వేరే ఊరని చెప్పు అని చుట్టాలు పోరు పెట్టారు. ఈవిడ జాకెట్టు చేతులు పైకి మడిచి మరీ పెళ్లివారి ముందు కూర్చున్నారు. వాళ్లు టీ కూడా తాగకుండా లేచిపోయారు. చివరికి ఓడల కార్ఖానాలో పని మీద వచ్చిన వాల్టర్ అనే జర్మన్ ఇంజనీరును చేసుకుని ఈ ఊరొచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఏటా ఆగస్టులో మా ఊళ్లో బాంబు బాధితుల సంస్మరణ సభ పెడతారు. ఒకసారి నిర్వాహకులు, మీరేం మాట్లాడనక్కర్లేదు, దీపం వెలిగిస్తే చాలన్నారు. "దీపానికి ముసలమ్మ ఎందుకు, అగ్గిపెట్టె చాలదా?" అని మైకు లాక్కుని మాట్లాడారు ఫుసాకో గారు. ఆరోజు నుంచి నాకు ఆవిడంటే ప్రాణం.

ఇక గీతిక సంగతి. నా పక్క ఫ్లాట్లో ఉంటుంది, విజయవాడ పిల్ల. నిరుడు నాలుగో నెలలో కడుపు పోయింది. మొగుడు సాయికృష్ణ ఆఫీసు పని మీద వేరే దేశంలో ఉన్నాడు, నేను సెలవుకి కరీంనగర్ వెళ్లి ఉన్నాను. టాక్సీ పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లింది ఫుసాకో గారే. ఇంటికొచ్చాక వారం రోజులు గంజన్నం, పక్కన పుల్లటి ఊరగాయ పెట్టి తినిపించింది కూడా ఆవిడే. అందుకే మళ్లీ నెల తప్పగానే గీతిక, "సీమంతంలో నాకు మీరు గాజులు వెయ్యాలి" అని మాట తీసుకుంది.

ఏడో నెలలో అత్తగారు విజయలక్ష్మి గారు రాజమండ్రి నుంచి దిగారు. చెడ్డ మనిషి కాదు. దారిలో చిట్లకుండా గాజుల్ని చీరల మడతల్లో చుట్టి తెచ్చిన మనిషి. అయితే ఫుసాకో గారి చేతి కథ వినగానే ఆవిడకు గుండెల్లో రాయి పడింది. సీమంతం ముందురోజు మా ఇంటికొచ్చారు.

"ప్రవీణా, ఆవిడని భోజనానికి పిలుద్దాం, చీర పెడదాం. గాజులు మాత్రం వద్దమ్మా. భర్త లేడు, సరే, ఈ దేశంలో అదెవరూ పట్టించుకోరు. కానీ ఆ చేత్తో కడుపుతో ఉన్న పిల్లని ముట్టుకోవడవేంటి? ఆ రేడియేషనూ అదీ... నువ్వు కాస్త నెమ్మదిగా చెప్పెయ్యకూడదూ?"

నాకు ఒళ్లు మండింది.

"గట్లెట్ల అంటరు ఆంటీ? అది అంటురోగం కాదు. ఎనభై ఏండ్ల కింద కాలిన చెయ్యి అది. ఆమెకు ఇద్దరు కొడుకులున్నరు, ఇద్దరికి బట్టతల తప్ప ఏ రోగం లేదు."

"నీకేం, నువ్వు చదువుకున్నదానివి, ఎన్నైనా చెప్తావు. పోయినసారి పోగొట్టుకుంది మా పిల్ల. ఈసారి నాకు ఏ పనికి భయం వేస్తే ఆ పని చెయ్యను."

ఆ మాటకు నా కోపం సగం చచ్చింది. మిగతా సగంతో, "నేనైతే చెప్ప. చెప్తే మీరే చెప్పుకోండి" అన్నాను. జర్మన్ రాదు కదా, ఎలా చెబుతారు!

మర్నాడు ఫుసాకో గారు అదే చేతుల్లేని గౌనులో వచ్చారు. విజయలక్ష్మి గారు నవ్వుతూనే ఆవిడని దూరంగా, కిటికీ పక్కన కూర్చోబెట్టారు. గంధం పూశారు, పూలు పెట్టారు, గాజుల పళ్లెం వచ్చింది. గీతిక రెండు చేతులూ ఒళ్లో ముడుచుకుంది.

"అత్తయ్యా, ముందు ఫుసాకో ఓమా. తర్వాత మీరు, ప్రవీణక్క, ఎవరైనా. ఆవిడ వెయ్యకపోతే ఈ గాజులు ఎవరూ వెయ్యొద్దు, నేను వేయించుకోను."

ఓమా అంటే జర్మన్‌లో బామ్మ. అత్తగారి మాటకు ఎదురు చెప్పి ఎరగని పిల్ల. పిలిచిన ఆడవాళ్లంతా ఫోన్లు దించి చూస్తున్నారు. విజయలక్ష్మి గారు గత్యంతరం లేక పక్కకు జరిగారు.

ఫుసాకో గారు వచ్చి పీట మీద కూర్చుని ఆకుపచ్చ గాజు తీసుకున్నారు. ఆ చేతి వేళ్లు పూర్తిగా వంగవు. మన గాజులేమో చెయ్యి నొక్కి, ఒడుపుగా తోయాలి. ఆవిడకది ఎవరు నేర్పారు? నేర్పాలని నాకైనా తోచలేదు. గాజు పిడికిలి దగ్గర ఇరుక్కుంది, ఆవిడ గట్టిగా తోశారు, అది ఠప్పున చిట్లింది.

సీమంతం పూట, మొదటి గాజు.

"నే చెప్పానా!" అన్నారు విజయలక్ష్మి గారు, కళ్లనిండా నీళ్లతో. "నే చెప్తూనే ఉన్నానా, ఆ చెయ్యి వద్దని!"

ఫుసాకో గారు నావైపు తిరిగారు. "ఏమంటున్నారు?"

కాస్త మార్చి చెప్పొచ్చు. కానీ ఈవిడకు అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఉన్నదున్నట్టు జర్మన్‌లో చెప్పేశాను.

ఆవిడ గాజు ముక్కలు ఏరి పక్కన పెట్టారు. తరవాత విజయలక్ష్మి గారినే చూస్తూ మాట్లాడారు. నేను ఒక్కో మాటా తెలుగులో చెబుతూ వచ్చాను.

"మా పెద్దవాడు పుట్టకముందు నాకో పాప. మూడు రోజులుంది. మా అత్తగారు నా చెయ్యి చూసింది. డాక్టరు చూశాడు, ఇరుగుపొరుగు చూశారు. పాప మొహం ఎవరూ చూడలేదు. పేరేమిటని ఎవరూ అడగలేదు. మళ్లీ కనొద్దన్నారు, ఇద్దర్ని కన్నాను. ఈ పిల్ల బిడ్డకు ఏదైనా అయితే అది నా చేతి వల్ల కాదు. చల్లగా పుడితే అదీ నా చేతి వల్ల కాదు. నామీద బాంబు వేశారు, నేను బాంబుని కాను. ఇంకో గాజు ఇవ్వండి."

గీతిక చాచిన చెయ్యి చాచినట్టే ఉంచింది.

విజయలక్ష్మి గారు పళ్లెంలోంచి ఇంకో గాజు తీసి ఆవిడకిచ్చారు. ముక్కు తుడుచుకున్నారు. తరవాత ఫుసాకో గారి పక్కన చతికిలబడి, గీతిక బొటనవేలిని అరచేతిలోకి మడిచి, పిడికిలి మెత్తగా నొక్కి పట్టుకున్నారు.

"ఇలా నొక్కాలని చెప్పు ఆవిడకి. నేను పట్టుకుంటా, ఆవిడని తొయ్యమను" అన్నారు నాతో. గాజు చేతికెక్కాక, తలెత్తకుండానే అన్నారు. "ఆ పాప పేరేంటో అడుగమ్మా."