బాపు ఢోలక్ రికార్డు చేసిన రోజు

డిగ్రీ పాసయ్యాను. మా ఇంట్లో పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. ఆ వారమంతా కనిపించినవాళ్లందరికీ చెప్పాను. పాలు పోసే భాయ్‌ని ఆపి చెబితే, "ముబారక్ బేటీ. నిన్న గూడ చెప్పినవ్," అన్నాడు.

మావాళ్లలో ఇలాంటి మంచి జరిగితే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతారు. పాస్టరుగారు, సంఘంవాళ్లు వస్తారు. పాటలు, ప్రార్థన, ఆ తర్వాత బగారా అన్నం. ఈసారి అమ్మ సొంతంగా ఒక పాట కట్టింది. దాన్ని ముందే రికార్డు చేసి అందరి ఫోన్లకూ పంపాలని నా ఆశ. సైదాబాద్‌లో మా ముందుగదే నా స్టూడియో. గోడలకు బొంతలు, మంచం మీద లాప్‌టాప్, ఎవరో వాడి అమ్మేసిన మైకులు.

పాట అమ్మది, ఢోలక్ మా నాన్నది, అంటే బాపుది. చర్చిలో ఏళ్లుగా ఢోలక్ ఆయనదే. కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి, చేతులు కడుక్కుని నేరుగా వచ్చి కూర్చునేవాడు.

ఢోలక్‌కు కుడివైపు ఒక మైకు, ఎడమవైపు ఒక మైకు పెట్టాను. అమ్మ గొంతు వాటిలో పడకూడదని ఆమెను ఇంకో మైకుతో వంటింట్లో కూర్చోబెట్టి తలుపేశాను. ఇద్దరికీ హెడ్‌ఫోన్లు పెట్టాను.

పాట మొదలైంది. బాపు వెనకబడ్డాడు. మళ్లీ మొదలుపెడితే ముందుకు పరిగెత్తాడు. చరణం అయిపోయినా ఆయన వేళ్లు ఆగలేదు. ఆ చెయ్యి తడబడటం నేనెప్పుడూ చూడలేదు. సౌండు పెంచాను. ఇంకా పెంచాను. ఆయన హెడ్‌ఫోన్లలోంచి అమ్మ గొంతు గదిలో ఇంకో మూల ఉన్న నాకే వినిపిస్తోంది. బాపు మాత్రం మూసిన తలుపు వైపే చూస్తున్నాడు.

"నీ మిషిన్లనే ఏదో లొల్లి ఉన్నది బిడ్డా. నేను లేకున్న అయితది తియ్," అని ఢోలక్ పక్కన పెట్టేశాడు.

అమ్మ తలుపు తీసుకుని వచ్చింది. పీట తెచ్చి ఆయనకు ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"నన్ను గీడనే పాడనియ్," అంది నాతో. "ఆయనకు నా మూతి కనవడాలె."

చర్చిలో అమ్మ మిగతా పాటగత్తెలతో నిలబడకుండా ఢోలక్‌కు ఎదురుగా ఎందుకు నిలబడుతుందో అప్పుడు తెలిసింది. అది మొండితనం అనుకునేదాన్ని. ఫ్యాక్టరీ మోతలో బాపు చెవులు ఎప్పుడు పోయాయో ఆయనకే సరిగా తెలియదు. డాక్టరు మాట ఎత్తితే కూడిక కానియ్యమన్నాడు.

"చర్చిల ఎర్కయితే ఢోలక్‌కు ఇంకొకన్ని సూస్కుంటరు," అన్నాడు, కిందికి చూస్తూ.

హెడ్‌ఫోన్లు తీసేశాను. ఒకే గదిలో ఇద్దరినీ రికార్డు చేశాను. అమ్మ గొంతు రెండు మైకుల్లోనూ పడింది. ఆమె ఊపిరి తీసుకున్నచోట ఆయన చెయ్యి ఆగింది. ఆ పాటలో నేను దేన్నీ కత్తిరించలేదు.

కూడిక రోజు పాస్టరుగారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు ఆత్రం ఆగలేదు. జనం వైపు తిరిగి గబగబా చెప్పుకుపోతున్నాను. వెనక నుంచి బాపు చెయ్యెత్తాడు.

"ఆగు బిడ్డా. నాకు ఇనవడ్తలేదు. గిటు తిరిగి చెప్పు."

నేను ఆయన వైపు తిరిగి, పెదాలు కనిపించేలా, డిగ్రీ పాసయ్యానని మొదటి నుంచి మళ్లీ చెప్పాను. ఆయన చివరిదాకా చూసి తలూపాడు.

తర్వాత అమ్మ పాటకు లేచింది. బాపు ఢోలక్ ఒళ్లోకి లాక్కున్నాడు. ఇద్దరి మధ్యా పాస్టరుగారి కుర్చీ ఉంది. ఆయన లేచి, కుర్చీని తనే గోడ పక్కకు జరుపుకున్నారు.