మానేరులో మునిగిన యుద్ధనౌక

జీపు దిగేసరికి ఉదయం ఏడున్నర. మానేరు డ్యాం కట్ట. పుష్యమాసపు చలి, ఉత్తరపు గాలి, నీళ్ల మీద దట్టమైన మంచు. నా దగ్గర ఒక కిట్ బ్యాగు, పాత నేవీ జాకెట్, మెడలో ఇత్తడి విజిల్. నౌకాదళంలో పదిహేనేళ్లు చేసి వచ్చినవాణ్ణి. ఓడకు చిల్లు పడితే నీళ్లు ఆపడం, మంట అంటుకుంటే ఆర్పడం నా పని. రిటైరై కరీంనగర్‌లో దిగాక ఆర్పడానికి మంటలు లేక, ఇంట్లో చెప్పుల్ని వరసలో పెట్టిస్తూ అందరినీ సతాయిస్తున్న రోజుల్లో వచ్చింది ఈ పోస్టింగు. నౌకాయుద్ధం మీద తీస్తున్న సినిమాకు నేవీ సలహాదారు ఉద్యోగం. మా ఆవిడ అడక్కుండానే బ్యాగు సర్దింది.

మంచు కాస్త విడింది. ఓడ కనబడింది. పొట్ట పట్టుకుని నవ్వాను.

అది సగం ఓడ. కుడిపక్క ఉంది, ఎడమపక్క లేదు. ఆసిఫాబాద్ వెదురు, ప్లైవుడ్డు, రేకులు, అడుగున ఖాళీ డ్రమ్ములు. కెమెరా వైపు చూస్తే నిజంగా యుద్ధనౌకే. అవతలికి పోయి చూస్తే పెళ్లి స్టేజీ వెనకభాగం. పైన తాడుకు రంగురంగుల జెండాలు, గణపతి నవరాత్రులకు కట్టినట్టు కట్టారు.

"గట్ల నవ్వుతున్నరేంది సార్?"

అడిగినవాడు డైరెక్టరు. సిరిసిల్ల మనిషి. వాళ్ల బాపు సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. ఈ జెండాలు, నావికుల తెల్ల యూనిఫారాలు అన్నీ ఆ సాంచెల మీద నేసిన గుడ్డే. నిజం ఓడ దొరక్క, దొరికినా అద్దె కట్టే స్తోమత లేక, సముద్రాన్ని మానేరులో వెతుక్కున్నాడు. ఇదే అతని మొదటి సినిమా.

"నీ ఓడ ఏమంటుందో తెలుసా?" అన్నాను. "సముద్రంల ఒక్కో జెండాది ఒక్కో మాట. ఆ జెండా ‘నాకు డాక్టర్ కావాలె’ అంటది. దాని పక్కది ‘నా తాన ప్రమాదకరమైన సరుకున్నది’ అంటది."

అతను జెండాల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. "రెండూ నిజమే సార్. డాక్టర్ నాకే కావాలె."

ఆ జవాబుతో వాడు నాకు నచ్చేశాడు. చాయ్ తాగుతూ ఆర్డర్లు చెప్పాడు. మిగతా సినిమా అంతా అయిపోయింది. మిగిలింది ఓడ మునిగే సీను. యాసంగి పంటకు ఆదివారం కాలువ వదులుతున్నారు. వదిలితే ఈ మూలన నీళ్లు లాగేస్తాయి, ఓడ బురదలో కూర్చుంటుంది. శనివారం లోపలే ముంచాలి.

"ఒక్కసారే మునుగుతది సార్. మల్ల లేపుడు మనతోని గాదు. గది తప్పిందంటే నా సిన్మా డబ్బాలనే ఉంటది."

నావికుల వేషాలకు హైదరాబాద్ నుంచి జూనియర్ ఆర్టిస్టులొచ్చారు. మంచి పిల్లలే. కండలున్నాయి, జుట్టుంది. మోకాలి లోతు నీళ్లలోకి దిగమంటే మాత్రం వేడినీళ్లు అడిగారు. తాడు పట్టుకొమ్మంటే పూలదండ పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఒకపూట చూశాను. నా వల్ల కాలేదు.

"వీళ్లను పంపియ్. మనుషుల్ని నేను తెస్త."

"వాళ్లతోని గాకపోతే?"

"గాకపోతే వాళ్లతోపాటు నేను గూడ పోత."

నోటి దురుసు నాది పుట్టుకతో వచ్చింది. నేవీ దానికి పదును పెట్టింది, అంతే.

శ్రీరాంపూర్ మా ఊరు. మా బాపు బాయిల పనిచేసి దిగిపోయిన మనిషి. బాయి అంటే మీ ఇంటి వెనక నీళ్ల బావి కాదు, బొగ్గుగని. దిగిపోవడమంటే రిటైరవడం. ఆయన దిగిపోయేనాడు ఆ నౌకరి నాకు రావాలని ఆయన ఆశ. నేను అంతకుముందే నేవీకి పోయాను. ఆ కోపం పదిహేనేళ్లు చెక్కుచెదరలేదు. సెలవుల్లో ఇంటికొస్తే "ఓడ ఎట్లున్నది?" అని ఒక్కరోజూ అడగలేదు. ఆ సాయంత్రమే పోయి సంగతంతా చెబితే క్వార్టరు ముందు మంచంలో కూర్చుని విన్నాడు.

"నీళ్ల మీది నౌకరి అయిపాయె అనుకుంటే, గిప్పుడు అట్టపెట్టె ఓడల నౌకరా?"

"మనుషులు కావాలె బాపు."

చాలాసేపు బీడీ తాగాడు. తర్వాత చెప్పులేసుకుని నాలుగు క్వార్టర్ల అవతలికి నడిచి, తన పాత గ్యాంగు సర్దార్‌ను పిలుచుకొచ్చాడు. మల్లయ్య కాక. గనిలో ఒక గ్యాంగును దించి, పని చేయించి, మళ్లీ పైకి తెచ్చే బాధ్యత సర్దార్‌ది. ఇంకో రెండేళ్లలో దిగిపోవాల్సిన మనిషి. "సిన్మానా? ముసలోన్ని నన్నేం జేస్తరు బిడ్డా?" అంటూనే మీసాలకు రంగేసుకున్నాడు. తెల్లారి కాకతో కలిసి ఇరవై మంది బాయి మనుషులు సెలవు పెట్టి డీసీఎం వ్యాను ఎక్కారు. బాపు రాలేదు. వ్యాను కదిలేదాకా నిలబడ్డాడు మాత్రం.

ఏం మనుషులు వాళ్లు! చలినీళ్లలోకి దిగమంటే దిగారు. ఓడ లోపలి ఇరుకు దారిలో చెప్పకుండానే నడుం వంచి నడిచారు. గనిలో కప్పు తగులుతుందని అలవాటు. అసలు నావికులు నడిచేది కూడా సరిగ్గా అట్లాగే. కెమెరామెన్ మురిసిపోయాడు. ఓదెలు అనే పొడుగాటి మనిషి అయితే ప్రతి గదిలోకి పోగానే కర్రతో ప్లైవుడ్డు కప్పును టకటక కొట్టి చూసేవాడు, ఎక్కడ వదులుందో అని. రెండుచోట్ల నిజంగానే వదులుంది. వడ్రంగి వచ్చి మేకులు కొట్టాడు.

సెల్యూట్ నేర్పాను. తాడు ముడులు నేర్పాను. విజిల్ ఊదితే ఎవడు ఎటు పరిగెత్తాలో నేర్పాను. గొంతు పోయింది కానీ నా గుండె నిండింది. అంతా అయిపోయిందనుకున్నాక ఒక మూత దగ్గర ఆగిపోయింది కథ.

డెక్ మీది నుంచి కింది గదిలోకి దిగే రంధ్రానికి ఇనుప మూత ఉంటుంది. ఓడలోకి నీళ్లొస్తే ఆ మూత వేసెయ్యాలి. కింద మనుషులున్నా సరే. వెయ్యకపోతే మొత్తం ఓడ పోతుంది. మా నౌకరిలో మొదట నేర్పేది అదే, చివరిదాకా మింగుడుపడనిదీ అదే. సినిమాలో గుండెకాయ లాంటి సీను కూడా అదే. కింద నలుగురు, పైన మూత వేసే పెద్ద నావికుడు. ఆ పెద్ద నావికుడు మల్లయ్య కాక.

రిహార్సల్‌లో విజిల్ ఊదాను. కాక మూత మీద చెయ్యి వేశాడు. ఆగాడు. రంధ్రంలోకి వంగి గట్టిగా పిలిచాడు.

"ఇంకెవలన్న ఉన్నరా?"

కింది నుంచి నలుగురూ బుద్ధిమంతుల్లా "ఉన్నం!" అన్నారు. కాక మూత వదిలేసి నిచ్చెన పట్టుకున్నాడు, వాళ్లను పైకి లాగడానికి.

మళ్లీ చేశాం. మళ్లీ అదే. డైరెక్టరు తల పట్టుకున్నాడు. నాకు తెలుసు, షిఫ్టు అయ్యాక సర్దార్ ప్రతి దారి మొదట్లో నిలబడి అట్లా పిలుస్తాడు. పిలవకుండా పైకి రాడు. జవాబొచ్చినవాణ్ణి వదిలి అసలే రాడు. బాపు నిద్రలో కూడా ఆ పిలుపుకు ‘ఉన్నం’ అని జవాబివ్వడం చిన్నప్పుడు విన్నాను.

"కాకా, ఎడమపక్క గోడనే లేదు. నువ్వు మూసినా వాళ్లు అటు నడుచుకుంట, మనం ఆపి పెట్టిన తెప్ప మీదికి పోతరు. ఉత్తుత్తి ఓడ ఇది!"

"నాకు తెలుసు బిడ్డా. నా చెయ్యికి తెల్వది."

"ఓడల గట్ల ఆగితే అందరు సస్తరు!"

"బాయిల గట్ల ఆగకుంటెనే సస్తరు."

ఇద్దరం కేకలేసుకున్నాం. ఎవరి మాట వాళ్లకు ప్రాణం. డైరెక్టరు మధ్యలోకి వచ్చి చల్లగా చెప్పాడు. రేపే శనివారం. హైదరాబాద్ బ్యాచి మళ్లీ బయల్దేరుతోంది. పొద్దున రిహార్సల్‌లో మూత పడకపోతే నా ఇరవై మందీ వ్యాను ఎక్కాల్సిందే. వాళ్లు ఆ మాట విన్నారు. యూనిఫారాలు విప్పి జాగ్రత్తగా మడతపెట్టారు. వీళ్లను తలవంచుకుని శ్రీరాంపూర్‌లో దించి, బాపు ముందు నేనేం మొహం పెట్టుకుని నిలబడను?

సాయంత్రం డైరెక్టర్ని కట్ట మీద పట్టుకున్నాను. "పిలుపు ఉండనియ్. పిలవనియ్. కిందోళ్లే ‘ముయ్యన్నా’ అని చెప్పాలె. చెప్తే మూస్తడు."

"నావికులు గట్ల చేస్తరా సార్?"

"నీ ఓడకు ఎడమపక్క ఉన్నదా?"

నవ్వాడు. పొద్దున చేసి చూశాం. కాక పిలిచాడు. కిందివాళ్లు "ఉన్నం, ముయ్యన్నా" అన్నారు. కాక కళ్లు గట్టిగా మూసుకుని మూత వేశాడు. ఇరవై మంది చప్పట్లు కొట్టారు. హైదరాబాద్ బ్యాచి బస్సులోంచి దిగనే లేదు.

మధ్యాహ్నం మూడుంబావుకు టేక్. నేనూ నావికుడి వేషంలో కాక పక్కనే నిలబడ్డాను, కెమెరాకు వీపు పెట్టి, చొక్కా లోపల ప్లాస్టిక్ కవర్లో వాకీటాకీ. ముందువైపు డ్రమ్ముల బిరడాలకు తాళ్లు. ఆ తాళ్లు లాగితే డ్రమ్ముల్లో నీళ్లు నిండుతాయి, ఇక ఆపడం ఉండదు.

"యాక్షన్!"

తాళ్లు లాగారు. ఓడ ముక్కు దిగింది. నీళ్లు డెక్ మీదికి ఎక్కాయి. విజిల్ ఊదాను. కాక వంగాడు.

"ఇంకెవలన్న ఉన్నరా?"

జవాబు లేదు.

ఓడ మేం అనుకున్నదానికంటే వేగంగా ఒరుగుతోంది. వాకీటాకీలో డైరెక్టరు గొంతు. "ముయ్యుమనుండ్రి సార్! ముయ్యుమనుండ్రి!"

కాక నా వైపు చూశాడు. నేను నోరు కదపకుండా అన్నాను. "ముయ్యకు కాకా." వాకీటాకీ నొక్కాను. "తెప్పా, తెప్పా. ఎంతమంది వచ్చిండ్రు?"

తెప్ప మీద ఉన్నది మానేరులో చేపలు పట్టే మనిషి. "ముగ్గురు సార్. ఓడ ఒరిగితే భయపడి దుంకిండ్రు. పొడుగాయన రాలే."

ఓదెలు.

నిచ్చెన దిగాను. కింద గొంతుదాకా నీళ్లు. తెగిన డ్రమ్ము తాడు ఓదెలు మడమకు చుట్టుకుని కిందికి గుంజుతోంది. పొడుగు మనిషి కాబట్టి మూతి వరకే మునిగాడు. పిలుపు వినబడుతోంది, జవాబు చెప్పబోతే నీళ్లు మింగుతున్నాడు. పదిహేనేళ్ల నౌకరి నా చేతుల్లో మేలుకుంది. ఊపిరి బిగబట్టి మునిగాను, నడుముకున్న కత్తితో తాడు కోశాను, చంకల్లో చెయ్యేసి లేపాను. పైన కాక గొంతు ఇంకా పిలుస్తూనే ఉంది. ఒకసారి కాదు. నీళ్లు మోకాళ్లు దాటుతున్నా, డైరెక్టరు అరుస్తున్నా, మూత పట్టుకుని పిలుస్తూనే ఉన్నాడు.

ఓదెలును తెప్ప వైపు తోసి నేను గట్టిగా అరిచాను. వాడు దగ్గుతూనే నాతో గొంతు కలిపాడు.

"ఉన్నం! ముయ్యన్నా!"

ధడేల్‌మని మూత పడింది.

మేం ఎడమపక్క నుంచి, లేని గోడలోంచి ఈదుకుంటూ తెప్ప ఎక్కేసరికి ఓడ మునిగిపోయింది. కాక ఈదుకుంటూ వచ్చి మొదట ఓదెలు చెంప మీద ఒకటి ఇచ్చాడు, తర్వాత కావలించుకున్నాడు. కెమెరా ఒక్క క్షణం కూడా ఆగలేదు. డైరెక్టరు ఒడ్డున కూలబడి ఏడుస్తున్నాడు. "వచ్చింది సార్, వచ్చింది" అంటాడు, ఇంకో మాట రాదు. ఆదివారం పొద్దున కాలువ వదిలారు. బురదలో తేలిన ఓడ ముక్కు మీద ఇరవై మందితో ఫొటో దిగాం.

ఇప్పుడు ఆ సినిమాను క్లాసిక్ అంటున్నారు. పిల్లలు ఫోన్లలో ఆ ఒక్క సీనే మళ్లీ మళ్లీ చూస్తున్నారు. మూత వేసేటప్పుడు ఆ పెద్ద నావికుడి మొహంలో ఏడుపూ సంతోషమూ ఒకేసారి ఎట్లా పలికాయని ఒక పేపరాయన కాకను అడిగాడట. "మనిషి దొరికిండు సార్. గంతే" అన్నాడట కాక. తెర మీద చూసేవాళ్లకు తెలిసేది వేరే. ఒక నావికుడు స్నేహితుడి కోసం కిందికి దిగుతాడు, మళ్లీ పైకి రాడు. ఆ వీపు నాదే. సినిమాలో నేను చచ్చిపోయాను.

సినిమా రిలీజైన వారం బాపును మంచిర్యాలలో ఫస్ట్ షోకు తీసుకెళ్లాను. ‘అట్టపెట్టె ఓడ’ అని గొణుగుతూనే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. హాలు నిండా బాయి మనుషులే. మార్నింగ్ షిఫ్టు దిగి, స్నానాలు చేసి నేరుగా వచ్చారు. నా వీపు రంధ్రంలోంచి కిందికి దిగింది. బాపు ముందుకు వంగాడు. తెర మీద మల్లయ్య కాక పిలిచాడు.

"ఇంకెవలన్న ఉన్నరా?"

సినిమాలో వెంటనే జవాబు రాదు. ఆ నిశ్శబ్దం చాలాసేపు ఉంటుంది. హాల్లో ముందు వరసలోంచి ఒక గొంతు వచ్చింది. "ఉన్నం!" తర్వాత బాల్కనీ నుంచి. తర్వాత హాలంతా. వందలమంది లేచి నిలబడి తెర మీది మనిషికి జవాబిస్తున్నారు, "ఉన్నం! ఉన్నం!" అని.

అప్పుడు నా మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. బొగ్గు మచ్చలు పోని ఆ చెయ్యి నా చేతిని పైకి లేపి పట్టుకుంది. పదిహేనేళ్లు నా ఓడ సంగతి అడగని మనిషి, తెర వైపు తిరిగి, కాకకు వినబడాలన్నట్టు అరుస్తున్నాడు.

"ఉన్నడు మల్లన్నా! నా కొడుకు ఉన్నడు! ఈడనే ఉన్నడు!"