బోర్లించిన ఫ్లాస్కు

చచ్చినవాణ్ణి ఒక్క తన్ను తన్ని లేపి కూర్చోబెట్టిన ఆడమనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆవిడే ఫ్లాస్కత్త. బళ్ళో వంటమనిషి. చలికాలంలో ఆవిడ కాచే సూపు ఆవిరికి వీధి దీపాల మీది మంచు కరిగి, కింద నడిచేవాళ్ళ నెత్తిన పడేది. నమ్మనివాళ్ళు నమ్మక్కర్లేదు, తలకో గుడ్డ చుట్టుకుంటే చాలు.

ఆ పేరు ఊరికే రాలేదు. అంతకుముందు చలికాలంలో బొత్తాలు కుట్టే ముసలమ్మ తన గదిలోనే కన్నుమూస్తే, వీధికి తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఆ తలుపు తీసింది అత్తే. తర్వాత చాన్నాళ్ళు సొంత ఇంటి గడియ తియ్యాలన్నా ఆవిడ పక్కింటివాళ్ళని పిలిచేది. ఆ భయంలోంచి పుట్టిందే ఈ ఏర్పాటు. వీధివాళ్ళు తలా ఇన్ని దుంపలూ క్యారెట్లూ ఇస్తారు. బడి వంటింట్లో అత్త సూపు కాచి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ గుమ్మాల్లో సాయంత్రం ఫ్లాస్కులు పెడుతుంది. వాళ్ళు తాగి, కడిగి, పొద్దున్నే గుమ్మంలో బోర్లించాలి. బోర్లించి ఉంటే మనిషి బాగున్నట్టు. ఫ్లాస్కు నిలబడే ఉంటే తలుపు కొట్టాల్సిందే.

"మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు నా ప్రాణం నీ ఫ్లాస్కులో ఉందా ఏమిటే?" అని దెప్పేవాడు గడియారాల తాత. గడియారాలు బాగుచేసే ఆ పెద్దాయనకి అందరి టైమూ తెలుసు, తన భోజనం టైము తప్ప.

"కడగడానికి బద్ధకం, అంతే కదూ! బోర్లించకపోయావో, తలుపు విరగ్గొట్టిస్తా."

ఆ పొద్దున తాత ఫ్లాస్కు చక్కగా బోర్లించే ఉంది. అత్త దాన్ని సంచీలో వేసుకుని వెనక్కి తిరగబోతూ, మెట్ల పక్క కాలువలో ఏదో ఎర్రగా కనిపిస్తే వంగి చూసింది. క్యారెట్ ముక్కలు. అవి తను తరిగినవే. అంత అడ్డదిడ్డంగా ఆ వీధిలో ఇంకెవరూ తరగరు. గడ్డకట్టిన సూపు, పొర మీద పొర. నిన్నటిదీ, మొన్నటిదీ.



పక్కవాటా బస్సు కండక్టరు టోపీ సర్దుకుంటూ డ్యూటీకి బయల్దేరాడు.

"ఒరేయ్, ఈ సూపు పారబోసిందెవర్రా?"

వాడు నసిగాడు. "నేనే అత్తా. ఫ్లాస్కు నిండుగా అలాగే ఉంది. నువ్వు చూస్తే తాతని నాలుగు ఉతుకుతావని... పాపం పెద్దాయన కదా, నేనే కడిగి బోర్లించా."

"నిన్న కూడానా?"

"నిన్న కూడా."

నిన్న ఆ బోర్లించిన ఫ్లాస్కుని చూసే అత్త నిశ్చింతగా వెళ్ళిపోయింది.

"తాతా!" అని తలుపు బాదింది. పలుకు లేదు. కిటికీ సందుల్లో లోపల్నుంచి పాత గుడ్డలు కుక్కి ఉన్నాయి. తలుపు సందులో ముక్కు పెట్టి పీల్చింది. బొగ్గు కాలిన వాసన. గదంతా బిగించేసి, లోపల కుంపటి పెట్టుకున్నాడు. బొత్తాల ముసలమ్మ గదిలోనూ ఇదే వాసన. అత్త కాళ్ళు మెట్టుకి అతుక్కుపోయాయి. ఈ తలుపు ఇంకెవరైనా తీస్తే బాగుండు, తను వంటింట్లో దుంపలు తరుక్కుంటూ ఉంటే బాగుండు అనిపించింది.

"చూస్తూ నుంచున్నావేంటత్తా?" అన్నాడు కండక్టరు. "నేను చేసిన పనికి ఆయన..."

"నోరు మూసుకుని భుజం పెట్టు."

గడియ ఊడింది. లోపల చీకటి, కళ్ళు మండే గాలి. పనిబల్ల పక్కకి ఒరిగి ఉంది. మంచం పక్కన నేల మీద తాత, కదలిక లేకుండా.

ఇక చూడాలి అత్త ప్రతాపం! గుమ్మం దగ్గర్నుంచి ఒక్క గెంతు గెంతింది. తాత పొట్టలో ఒక్క తన్ను తన్నింది. వీధి చివరిదాకా వెళ్ళిన ప్రాణం, ఆవిడతో గొడవెందుకని వెనక్కి వచ్చేసింది. తాత దగ్గాడు, కక్కుకున్నాడు, బయట చలిగాలి తగలగానే, "జ్వరంతో పడుంటే తన్నులేమిటే?" అని మూలిగాడు. కండక్టరు మెట్ల మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పుడా కండక్టరు ఒకరి ఫ్లాస్కు ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకోడు. బస్సెక్కినవాళ్ళకి టిక్కెట్టుతో పాటు ఆ తన్ను కథ కూడా ఇస్తాడు. అది విన్నవాళ్ళెవరైనా బడి వంటింటికొచ్చి అడిగితే, అత్త కత్తిపీట మీంచి తలెత్తకుండా చెబుతుంది:

"తన్నలేదు. భయమేసి కళ్ళు మూసుకుని లోపలికెళ్ళాను. కింద గడియారం చక్రాలున్నాయి. జారిపడ్డాను. మోకాలు ఆయన పొట్టలో దిగింది."