పోలేరమ్మ కట్టుకోని చీర

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. తుమ్మల దగ్గర తెల్లచీర కనబడిందని ఇంట్లో ఆడవాళ్ళు వణికిపోతుంటే, ఎవరు ఆరేసుకున్నారో చూసి రండని కసిరేదాన్ని. దేవుడికి దణ్ణం పెడతాను, ఉపవాసాలూ ఉంటాను. కానీ గుళ్ళో ఉన్న రాతిబొమ్మ లేచి తన పనులు చేసుకుంటుందంటే నమ్మే రకాన్ని కాను. అందుకే ఇది చెప్పడానికి ఇన్నేళ్ళు వెనకాడాను.

నా పుట్టిల్లు కొల్లిపర. అరవైల్లో రేపల్లె దగ్గర ఒక పల్లెకు పెద్దకోడలిగా వచ్చాను. ఆ ఊరి పోలేరమ్మను మా అత్తవారింటి ఆడపడుచుగా చెప్పుకుంటారు. ఏటా కొలుపుల రోజున అమ్మవారికి పుట్టింటి చీర మా ఇంటి నుంచే వెళ్ళాలి. ఆడపడుచుకు చీర కట్టడం మగవాళ్ళ పని కాదని ఆ కాసేపు పూజారి కూడా బయటికి వచ్చేస్తాడు. పెద్దకోడలు ఒక్కతే లోపలికి వెళ్ళి, చీర కట్టి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని వస్తుంది. డప్పులవాళ్ళు గుడి మెట్ల మీదే కూర్చుంటారు. మధ్యాహ్నం నైవేద్యం వేళకు మళ్ళీ ఆమే తలుపు తీయాలి. ఊరంతా ఎదురుచూసే ఆ తలుపు నా చేత్తో తీయడమంటే నాకెంత గొప్పగా ఉండేదో చెప్పలేను.

తర్వాత మా మరిదికి బాపట్ల సంబంధం కుదిరి సరోజిని వచ్చింది. వచ్చిన కొద్ది రోజులకే ఇల్లంతా దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అది పెట్టిన చారు అమృతమట. ఏళ్ళ తరబడి నేను పెట్టింది ఉత్త చారు. నేను పాలు పితకడానికి కూర్చుంటే కాలు విసిరే గేదె, దాని చేతికి ఇట్టే చేపేది. గేదెకు కూడా లోకువైపోయానే అని కుళ్ళుకునేదాన్ని. అవును, కుళ్ళే. దానికి ఇంకో పేరు పెట్టను.

ఆ ఏడు కొలుపులకు తెనాలి వెళ్ళి, కొట్లో చీరలన్నీ దింపించి, ఆకుపచ్చ పట్టుచీర ఒకటి ఏరి తెచ్చాను. తనకూ ఏదో మొక్కు ఉందని సరోజిని పసుపురంగు నేతచీర తీసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“అమ్మకు కట్టేది నీ చీరేగదే. దానిది పళ్ళెంలో పెడితే నీ సొమ్మేం పోయింది?” అన్నారు అత్తగారు.

సరేనని దాని చీర మడత విప్పకుండా అమ్మవారి ముందు పళ్ళెంలో పెట్టాను. నా పట్టుచీర కుచ్చిళ్ళు పోసి, జారకుండా నడుముకు నూలుతాడు బిగించి, ముడి మీద ముడి వేశాను. తాళం వేశాను. ఆ గుడికి ఉన్నది ఒకటే తలుపు. పైన గాలికి వదిలిన కంతలోంచి పిల్లి కూడా దూరదు.

మధ్యాహ్నం తలుపు తీస్తే పోలేరమ్మ ఒంటిమీద పసుపు నేతచీర ఉంది. కొట్లో పెట్టిన మడతల గీతలు కూడా ఇంకా పోలేదు. నా పట్టుచీర పళ్ళెంలో మడిచి ఉంది. అంచుకు నా వేళ్ళ కుంకుమ అంటుకునే ఉంది.

జనం చెంపలు వేసుకున్నారు. నేను పూజారి మీద విరుచుకుపడ్డాను.

“తాళంచెవి మీ దగ్గరే ఉంది కదండీ అమ్మగారూ” అన్నాడు పాపం.

తలుపు దగ్గరికి ఎవరూ రాలేదని డప్పులవాళ్ళు ఒట్టు పెట్టారు. సరోజిని ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది.

“నీ చీరే ఉంచుకోమని దణ్ణం పెట్టుకున్నానక్కా. నిజం.”

అది నిజంగానే అలా మొక్కుకుని ఉంటుంది. అదే నాకు ఇంకా మంట.

కొలుపులయ్యాక ఆ చీర ప్రసాదంగా దానికే ఇచ్చారు. ఒకరోజు సాంబ్రాణి వేస్తుంటే నిప్పు పడి కొంగు కాలింది. కాలినచోట ఎర్రదారంతో రఫ్ఫు చేసుకుంది.

మరుసటి ఏడు కొలుపుల సమయానికి బాపట్లలో వాళ్ళ తమ్ముడి పెళ్ళి వచ్చింది. ఆ చీర పెట్టెలో పెట్టుకుని, తాళం వేసుకుని, నా కళ్ళముందే బస్సెక్కింది. పీడ వదిలిందనుకున్నాను. ఈసారి పళ్ళెంలో పసుపు కుంకుమ తప్ప మరేమీ పెట్టలేదు. తెనాలి నుంచే తెచ్చిన ఎర్ర పట్టుచీర కట్టాను. తాళం వేశాక ఇంటికి కూడా వెళ్ళకుండా తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. డప్పులవాళ్ళు నవ్వుకున్నా లెక్కచేయలేదు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. లోపల చిన్న చప్పుడైనా లేదు.

తలుపు తీశాను. నా పట్టుచీర పళ్ళెంలో ఉంది. అమ్మవారికి మళ్ళీ అదే పసుపు చీర. కొంగున ఎర్రదారం రఫ్ఫు.

భయం తర్వాత వేసింది. ముందు ఉక్రోషంతో ఏడుపొచ్చింది.

పెళ్ళి నుంచి తిరిగొచ్చిన సరోజినిని గుమ్మంలోనే నిలబెట్టి చీర ఏదని అడిగాను.

“పెళ్ళినాడు కట్టుకుందామని పెట్టె తీస్తే లేదక్కా. ఇక్కడే మర్చిపోయాననుకున్నా. కానీ సర్దేటప్పుడు నువ్వూ ఉన్నావుగా?”

నిజమే, ఉన్నాను.

ఆ ఏటి నుంచి అత్తగారు తాళంచెవి దాని చేతికిచ్చారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే నేనూ తిరిగి నాలుగు అనేదాన్ని.

ఎవరి దగ్గరో మారుతాళం ఉండి ఉంటుందన్నారు మావారు. పెట్టెలో చీర బాపట్ల నుంచి ఎలా వచ్చిందంటే కండువా దులుపుకుని పొలానికి బయల్దేరారు. అమ్మకు కావలసింది భక్తి, పట్టు కాదన్నారు ఊళ్ళోవాళ్ళు. మరి ఎండనపడి తెనాలి బజారంతా తిరిగిన నాది భక్తి కాదా?

ఏం జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. మనుషులెవరో చేశారని రుజువైతే, వాళ్ళను నాలుగు తిట్టి హాయిగా ఉంటాను. మనుషులు కాదంటేనే నాకు కష్టం. నా చీర ఎందుకు పనికిరాలేదని ఏటా గుడి గుమ్మం బయట నిలబడి మా ఆడపడుచును అడుగుతూనే ఉన్నాను. ఆమె మాత్రం సరోజిని కట్టిన చీరలో, కుచ్చిళ్ళు చెదరకుండా, నా వైపే చూస్తూ ఉంటుంది.