సొరుగులో ముప్పై ఎనిమిది రోజులు

బేరమాడటం తెలిసినవాళ్ళు జనగామ బజారులో చాలామంది ఉన్నారు. కానీ ఒకే ఒక్క కాగితాన్ని ముప్పై ఎనిమిది రోజులు సొరుగులో దాచి, సముద్రం అవతల ఒక కారును రేవులో నిలబెట్టి, చివరికి వేలానికి పంపి, పైగా ఆ కారు గలవాడితోనే మెచ్చుకోలు మాటలు అనిపించుకున్నవాడిని నేనొక్కడినే. ఏడేళ్ళయింది. ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. అంత పకడ్బందీగా చేశాను. ఇలా గొప్పగా మొదలుపెడితేనే నోరు పెగులుతోంది. ఇక మొయ్యలేక మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మేలు.

మాది కిరాణా కొట్టు కుటుంబం. బాపు, చిన్నాయిన, మేనమామ, అందరూ గల్లాపెట్టె వెనక కూర్చున్నవాళ్ళే. నేను మాత్రం ఉప్పూ పప్పూ వదిలి బండ్ల కాగితాల పని పెట్టుకున్నాను. పేరు మార్పు, అడ్రసు మార్పు, ఇన్సూరెన్సు. ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక లేనివాళ్ళ తరఫున నేను తిరుగుతాను.

ఆ రోజుల్లో భూపాలపల్లి గనుల్లో పనిచేసే ఒక ఇంజనీరు బదిలీ మీద పోతూ తన కారు అమ్మకానికి పెట్టాడు. తెల్లటి, ఎత్తైన బండి. ఎనిమిది మంది కూర్చోవచ్చు. ఊరంతా బొగ్గు దుమ్మైనా దానికి మాత్రం అంటలేదు. ఆరు లక్షలన్నాడు. నాకది కావాలి. ఎంతగా అంటే, చూసిన రోజు అన్నం కలుపుతుంటే కూడా చేతిలో స్టీరింగే ఉన్నట్టుంది. కానీ అడిగిన ధర ఇచ్చేస్తే మా ఇంట్లో పుట్టి ఏం లాభం? రెండు నెలల్లో నాలుగు సార్లు వెళ్ళాను. ఒకసారి టైరు తన్ని పెదవి విరిచాను. ఒకసారి ఇంజను చప్పుడు విని, డాక్టరులా తల అడ్డంగా ఊపాను. చప్పుడులో ఏ లోపమూ లేదు. ఐదు లక్షల అరవై వేల దగ్గర అతను ఆగాడు. యాభై దగ్గర నేను ఆగాను. వారం ఊరుకుంటే అతనే ఫోను చేస్తాడనుకున్నాను.

ఆ వారంలోనే యాకయ్య దాన్ని కొన్నాడు.

యాకయ్యది పెద్దవంగర. బోరు బండి మీద డ్రిల్లరు. నాకు పదేళ్ళ స్నేహితుడు, నన్ను అన్నా అనే పిలుస్తాడు. ఆ కారు సంగతి అతనికి చెప్పింది నేనే, చాయ్ తాగుతూ. "ఆ డొక్కుకు ఐదు లక్షలు గూడ దండుగ" అన్నది కూడా నేనే. బేరం మధ్యలో ఉన్నవాడు సరుకును మెచ్చుకోడు, అది మాకు చిన్నప్పటి నుంచి అలవాటు. యాకయ్యకు ఆ అలవాటు లేదు. నాకు అక్కర్లేదనుకున్నాడు. చీటీ ఎత్తి, బావమరిది దగ్గర కొంత తెచ్చి, వెళ్ళి, అరవై అంటే అరవై ఇచ్చి, తాళంచెవి పట్టుకొని వచ్చాడు. మిఠాయి డబ్బాతో ముందు నా షాపుకే వచ్చాడు. నేను రెండు ముక్కలు తిన్నాను.

అతనికి ఆ కారు షోకు కోసం కాదు. మా వైపు నుంచి బోర్ల పనికి ఆఫ్రికా పోయేవాళ్ళున్నారు. టాంజానియాలో బోర్లు వేయించే ఒక యజమాని అతనికి మాటిచ్చాడు: పనివాళ్ళను ఊరూరూ తిప్పడానికి సొంత కారు తెస్తే బోరు బండిలో నాలుగో వంతు వాటా. కారు లేకపోతే జీతం, అంతే. కొత్త బోరు బండిని ఓడలో పంపేటప్పుడు పక్కన కారుకు చోటిస్తానన్నాడు.

కాగితాల పని యాకయ్య ఇంకెవరికి అప్పగిస్తాడు? నాకు అధికారం ఇస్తూ సంతకం పెట్టి విమానం ఎక్కాడు. అభ్యంతరం లేదన్న పత్రంతో కారు ఓడ ఎక్కింది. కానీ అక్కడ కొత్త నంబరు రావాలంటే, ఇక్కడి రిజిస్ట్రేషన్ రద్దయిందని మహబూబాబాద్ రవాణా ఆఫీసు ఇచ్చే అసలు కాగితం చేరాలి. నకలు చెల్లదు. అది చేరేదాకా కారు రేవులోంచి కదలదు, రోజుకింత అద్దె పడుతుంది. గడువు దాటితే వేలం.

ఆఫీసువాళ్ళు చెప్పిన రోజుకే కాగితం ఇచ్చారు. వాళ్ళ తప్పు ఆవగింజంత కూడా లేదు. జనగామకు వచ్చే రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకొని చదివాను. యజమాని అన్నచోట యాకయ్య పేరు. పది వేల కోసం ఆ చోటును నేనే వదులుకున్నాను. షాపు తెరిచి, కాగితం సొరుగులో పెట్టి, తాళం వేశాను. రెండు రోజులు, అంతే. నా కడుపులో మంట అతనికీ కాస్త తెలియాలి. నిజంగా రెండు రోజులే అనుకున్నానా? అనుకున్నాననే నమ్ముతూ వచ్చాను.

మూడో రోజు సోమవారం. యాకయ్య భార్య సరిత బస్సెక్కి వచ్చింది. స్టూలు వేశాను, చాయ్ తెప్పించాను. మిరప ఏరే రోజులు. వేళ్ళు మండుతున్నాయేమో, గ్లాసును అరచేతుల మధ్య పట్టుకుంది.

"కాయితం ఏమన్న వచ్చిందా అన్నా?"

"యాడమ్మా. భూపాలపల్లి నుంచి పాత రికార్డు రావాలె. గదొస్తె గిక్కడ ఒక్క సంతకమే."

"నువ్వు తిరుగుతున్నవు గద, మాకేం పరేషాన్ లేదు." చాయ్ ఊదుకుంటూ నవ్వింది. "ఆయన ఎప్పుడు అంటనే ఉంటడు. మా అన్న రెండు నెలలు బేరమాడి ఆ సారును మెత్తగ జేసి పెట్టిండు, నేను అల్కగ పోయి తాళం తెచ్చుకున్న అని. ఆ కారు నీ పుణ్యమే అన్నా."

కృతజ్ఞతతోనే అంది. ఆ మొహంలో ఇంకేమీ లేదు. కానీ నాకు వినిపించింది వేరు: రెండు నెలలు నేను దుక్కి దున్నితే అతను కోసుకుపోయాడు, దాని మీద మొగుడూ పెళ్ళాం నవ్వుకున్నారు. సొరుగు నా మోచేతి కింద ఉంది. తాళంచెవి జేబులో ఉంది. చెయ్యి జేబు దాకా వెళ్ళింది కూడా. దేనికి వెళ్ళింది? చాయ్ డబ్బులు తీసి ఇచ్చాను.

ఆ తర్వాత నా తెలివికి అడ్డు లేకపోయింది. ఆఫీసు ఆలస్యం చేస్తుందంటే నమ్మనివాడు ఎవడు? వేరే వాళ్ళ పని మీద మహబూబాబాద్ వెళ్ళినప్పుడు స్టేషను ప్లాట్‌ఫారం మీద నిలబడి యాకయ్యకు ఫోను చేసేవాణ్ణి, వెనక రైళ్ళ అనౌన్స్‌మెంటు వినబడాలని. నా కోసం ఎంత తిరుగుతున్నవన్నా అని బాధపడేవాడు. సరిత ఐదు సోమవారాలు వచ్చింది. నాకేం కావాలి? కారు నాకు తిరిగి రాదని తెలుసు. వాళ్ళ డబ్బు నాకు అక్కర్లేదు. అతను ఒక్కసారైనా, అన్నా, నీ కారు నేను ఎత్తుకుపోయిన, తప్పైంది, అనాలని ఎదురుచూశానేమో. తప్పే చేయనివాడు ఏమని అంటాడు?

ముప్పై ఎనిమిదో రోజు ఫోనులో, గడువు ఇంకా నాలుగు రోజులే ఉందని మెల్లగా చెప్పాడు. తిట్టినా బాగుండేది. అప్పుడు పరుగెత్తి కొరియరు చేశాను. నాలుగు రోజుల్లో చేరదని తెలిసే చేశాను. కాగితం చేరేసరికి కారు లేదు. వాటా, సొంత బండి ఉన్న ఇంకొకతనికి పోయింది. యాకయ్య అక్కడ మూడేళ్ళు జీతానికి చేసి తిరిగొచ్చాడు. ఇప్పుడు చిట్యాల వైపు ఎవరిదో బోరు బండి మీద కూలి. సరిత ఇప్పటికీ మిరప ఏరడానికి పోతుంది.

వచ్చిన వారంలోనే షాపుకు వచ్చి, అప్పటి నా ఫీజు బల్ల మీద పెట్టాడు. తిరిగిన ఛార్జీలకని వెయ్యి ఎక్కువే పెట్టాడు. వద్దంటే అనుమానం వస్తుందని నాకు నేను చెప్పుకొని తీసుకున్నాను. ఇప్పటికీ వాళ్ళ ఊరివాళ్ళకు బండి కాగితాల పని పడితే నా దగ్గరికే పంపిస్తాడు.

లెక్క చెప్పేస్తాను. కారు ఖరీదు, ఐదు లక్షల అరవై వేలు, పోయింది. రేవు అద్దె అతని జీతంలో కోసుకున్నారు, ఎంతో అడగలేదు. నాలుగో వంతు వాటా ఏడేళ్ళకు ఎంతయ్యేదో అంచనా కట్టగలను, కట్టలేదు. సరితవి ఏడు మిరప కోతలు. నాకు ముట్టింది ఫీజు మూడు వేలు, పైన వెయ్యి. చెప్పాల్సినవాళ్ళు ఇద్దరు, వాళ్ళకు ఇంకా చెప్పలేదు. మీకు చెప్పాక ఛాతీలో కొంచెం తేలికగా ఉంది. ఆ తేలికను వాళ్ళ పేరున జమ రాయడం లేదు.