రెండో చెయ్యి చూపించండి

మా పక్కింటి డాక్టరమ్మ ఒక్క సాక్ష్యం మీద దేన్నీ నమ్మేది కాదు. వీధి గుమ్మంలోంచి వాన కనబడితే, పెరట్లోనూ పడుతోందో లేదో చూసొచ్చి మరీ గొడుగు తీసేది.

వాళ్ళాయన ఓసారి గోడ మీంచి నాతో మొరపెట్టుకున్నాడు. "నేను ఇంట్లోనే ఉన్నానే అంటే నమ్మదండీ. మిమ్మల్ని కేకేసి అడుగుతుంది."

"నన్ను మాత్రం నమ్ముతుందా? నా తర్వాత ఎదురింటాయన్ని అడుగుతుంది!"

ఆసుపత్రిలో ఆవిడ పని, రోగి రక్తాన్ని సీసాల్లో ఉంచి అందులో క్రిములు పెరుగుతాయేమో చూడడం. ల్యాబులో కూర్చుని చెయ్యాల్సిన పని. ఆవిడ కూర్చుంటేగా! జ్వరమన్న మాట వినబడితే చాలు, వార్డులో ప్రత్యక్షం. "మందు తర్వాత, ముందు రక్తం!" చెయ్యి స్పిరిటుతో తుడిచాక అది ఆరేదాకా ఆగాల్సిందే. ఓ నర్సు తుడిచిన చోటే నరం కోసం మళ్ళీ తడిమింది.

"వేలు పెట్టావుగా! మళ్ళీ మొదలు."

"గ్లవ్సు ఉన్నాయి కదా మేడమ్!"

"అవి ఎక్కడెక్కడ తిరిగొచ్చాయో నీకు తెలుసా?"

అదయ్యాక, "ఇక రెండో చెయ్యి చూపించండి" అనేది. ఆవిడ గుమ్మంలో కనబడగానే వార్డులో వాళ్ళంతా రెండు చేతులూ దుప్పట్లో దాచేసుకునేవారు.

నేను కాలు నిలవక ఊళ్ళు పట్టి తిరిగినవాణ్ణి. సత్రాల్లో, ఓడల్లో దొరికిన పుస్తకమల్లా చదివాను. అనుమానం మీద మహానుభావులు రాసిన లావుపాటి గ్రంథాలూ తిరగేశాను. వాళ్ళెవరూ అనుమానం చేతికి సూది ఇవ్వలేదు. సరే, దారి తప్పుతున్నాను.

మా చెల్లెలి గుండెలో కృత్రిమ కవాటం పెట్టి ఏడాది కాకుండానే జ్వరం పట్టుకుంది. రక్తంలో క్రిమి చేరి కవాటాన్ని పట్టుకుంటే మళ్ళీ ఛాతీ తెరవాల్సి రావచ్చన్నారు.

డాక్టరమ్మ ఒక చేతి రక్తం సీసాల్లో నింపి, రెండో చెయ్యి అడిగింది.

"పిట్టలా ఉందమ్మా అది! కావాలంటే ఆ చేతిలోదే ఇంకాస్త తీసుకోరాదూ?"

"చర్మం మీద కాపురముండే క్రిమి సూదితో పాటు సీసాలో దూరొచ్చు అన్నయ్యగారూ. ఒక చెయ్యి అబద్ధం చెప్పొచ్చు. రెండు చేతులూ కూడబలుక్కుని ఒకే అబద్ధం చెప్పడం అరుదు."

"నువ్వు బయటికెళ్ళు అన్నయ్యా," అంది చెల్లెలు. "సూది నాకైతే కేకలు నీవి!"

మర్నాడు ఒక చేతి సీసాలో క్రిమి పెరిగిందన్నారు. డాక్టరమ్మ మళ్ళీ రెండు చేతులూ అడిగింది. ఈసారి చెల్లెలి రెండో చెయ్యి నేనే చాపి పట్టుకున్నాను. ఫలితాలు వచ్చేదాకా వరండా బల్ల మీద కూర్చుని, 'అగ్నిప్రమాద సమయంలో లిఫ్టు వాడరాదు' అన్న బోర్డుని మహాకావ్యంలా పారాయణ చేశాను.

చివరికి ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. "మొదటిరోజు రెండో చేతి సీసాల్లో ఏమీ పెరగలేదు. మళ్ళీ తీసినవాటిలోనూ లేదు. మనం చూసింది చర్మం మీది క్రిమే. గుండె స్కాను బాగుంది. జ్వరం మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల, అది మందులకి తగ్గుతోంది. ఛాతీ తెరవక్కర్లేదు."

"లిఫ్టు వాడకూడదటమ్మా," అన్నాను.

ఆవిడ నవ్వలేదు, విసుక్కోలేదు. అవే మాటలు, అదే వరసలో, నెమ్మదిగా మళ్ళీ చెప్పింది.

"హడలిపోయి ఉన్నవాళ్ళకి మొదటిసారి ఏమీ వినబడదు అన్నయ్యగారూ. అందుకే ఎవరికైనా రెండోసారి చెప్పందే కదలను. ఇప్పుడు అర్థమైందా?"

శుభ్రంగా అర్థమైంది. కానీ ఇంకోసారి వినాలనిపించింది.

"లేదమ్మా," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "అర్థం కాలేదని మీరొక్కరే చెబితే ఎలా నమ్మను? పదండి, మీ చెల్లెల్ని కూడా అడుగుదాం," అంటూ నా చెయ్యి పట్టుకుని లేవదీసింది.