ఇల్లు దగ్గరేనండి

లాండ్రీలో పదిహేనేళ్లుగా ఇస్త్రీ చేస్తున్నా ఒక్క చొక్కా కాల్చని మనిషి ఆవిడ. అబద్ధమాడటం బొత్తిగా చేతకాదు. అలాంటిది ఆసుపత్రిలో నర్సు అడగ్గానే తడుముకోకుండా ఒకటి ఆడేసింది.

"ఇల్లెంత దూరమమ్మా? టాన్సిల్స్ తీసిన రోజే పంపించేస్తాం. అవసరమైతే అరగంటలో వెనక్కి రాగలగాలి."

"దగ్గరేనండి, పది నిమిషాలు," అంటూ అక్క చిరునామా రాయించింది. ఆ అక్క ఇల్లు ఖాళీ చేసి రెండేళ్లయింది! అసలిల్లు బస్సులో మూడు గంటల దారి. దూరం వాళ్లయితే ఆపరేషన్ల జాబితాలోంచి పేరు కొట్టేస్తారని లాండ్రీలో ఎవరో మహానుభావుడు చెవిలో ఊదాడు. ఏడేళ్ల కూతురు నిద్రలో ఊపిరాడక ఉలిక్కిపడి లేస్తుంటే, నాలుగు నెలలు ఎదురుచూసిన తల్లి ఇంకేం చెబుతుంది చెప్పండి?

పొద్దున్నే ఆపరేషన్ బాగానే జరిగింది. మధ్యాహ్నం పంపేటప్పుడు నర్సు మరీ మరీ చెప్పింది.

"నిద్రలో అదే పనిగా గుటకలు వేస్తుంటే ఉమ్మి అనుకోకమ్మా. లోపల రక్తం కారుతుండొచ్చు. వెంటనే తీసుకొచ్చెయ్."

గంట ప్రయాణం అయ్యాక బస్సు పొడవాటి వంతెన మీద ఆగిపోయింది. ముందూ లారీలే, వెనకా లారీలే. కిటికీ పక్కన ఇరుక్కుని, ఒళ్లో నిద్రపోతున్న పిల్ల గొంతు చూస్తోంది ఆవిడ. గుటక. మళ్లీ గుటక. ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోన్ చేద్దామంటే, పది నిమిషాల ఇంట్లో ఉండాల్సిన దానివి బస్సులో ఏం చేస్తున్నావని అడగరూ? సిగ్గుతో కాసేపు నోరు నొక్కుకుని కూర్చుంది. ఆ కాసేపు ఆలస్యం చేసినందుకు ఆవిడ తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

పిల్ల లేచి ఎర్రగా కక్కింది.

"తలుపు తియ్యవయ్యా!" ఆవిడ కేకకి బస్సంతా లేచి నిలబడింది.

"వంతెన మీద తియ్యకూడదమ్మా..." అంటూనే డ్రైవరు వెనక్కి తిరిగి, పిల్లని చూసి తీసేశాడు. అవతలి వైపు ఖాళీ దారిలో వస్తున్న మోటారుసైకిలాయన ఇద్దర్నీ ఎక్కించుకుని ఆసుపత్రి గుమ్మం దాకా ఎక్కడా ఆగలేదు.

డాక్టరు మళ్లీ గొంతులో పని చేసి రక్తం ఆపేసరికి సాయంత్రమైంది. గండం గడిచిందని చెప్పడానికొచ్చిన నర్సు చెయ్యి పట్టుకుంది ఆవిడ.

"నా చేతులతో నేనే చంపుకునేదాన్నమ్మా. మా ఇల్లు దగ్గర కాదు, మూడు గంటల దారి."

నర్సు తిట్టలేదు. వార్డు చివర గది తలుపు తీసి చూపించింది. దుప్పట్లు పరిచిన రెండు మంచాలు.

"దూరం నుంచి వచ్చేవాళ్ల కోసమే ఇవి. పొద్దుట్నించీ ఖాళీగానే ఉన్నాయి. ఒక్క మాట చెప్పుంటే రేపటిదాకా ఇక్కడే ఉంచేవాళ్లం కదమ్మా."

ఆవిడ మంచం అంచున కూలబడి, చేతుల్లో మొహం దాచుకుని భోరుమంది.